డైలాగు వినపడితే సగం థియేటర్ వచ్చినట్టే

ఇంట్లో సినిమా నడుస్తుంటే రిమోట్ పట్టుకున్నవాళ్లకు పని తప్పదు. ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటుంటే సౌండ్ పెంచాలి, ఫైట్ మొదలవగానే తగ్గించాలి. హోమ్ థియేటర్ కొందామన్న ఆలోచన చాలా ఇళ్లలో ఇక్కడే పుడుతుంది. తీరా షాపుకు వెళ్లాక లెక్క మారిపోతుంది: ఎన్ని స్పీకర్లు, ఎన్ని వాట్లు, బేస్ ఇచ్చే వూఫర్ ఎంత పెద్దది. ముప్పై వేల లోపు పెట్టుకోగలిగిన వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ముందు డైలాగు స్పష్టంగా వినపడేలా చూసుకోండి. దానికి కావలసినవి చాలావరకు చవకైనవే, కొన్నిటికైతే పైసా ఖర్చు లేదు.

మొదటి అడ్డంకి గదే. అపార్ట్‌మెంట్ హాలంటే కింద నున్నటి టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, పైన శ్లాబు. ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు, దాదాపు మొత్తం వెనక్కి కొడతాయి. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలోని ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావడం లేదని, సంగతేమిటో చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరిచాడు. ఊరు సద్దుమణిగాక ఆర్గన్ గొట్టం మోగించి, ఆపి, శబ్దం పూర్తిగా చచ్చిపోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ ఆ సమయం తగ్గింది. గది ఎంత పెద్దది, అందులోని వస్తువులు ఎంత శబ్దం పీల్చుకుంటాయి అన్నదాన్ని బట్టి ఆ సమయాన్ని లెక్కగట్టే సూత్రం అందులోంచే పుట్టింది. దాన్ని ఇప్పటికీ ఇంజనీర్లు వాడుతున్నారు.

దాన్ని మన హాలుకు వేసి చూద్దాం. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. అంటే 1,800 ఘనపుటడుగుల గాలి. గోడలు, నేల, కప్పు కలిపి 900 చదరపు అడుగులు. ఖాళీగా ఉన్నప్పుడు ఇవన్నీ తమను తాకిన శబ్దంలో సగటున 3 శాతమే పీల్చుకుంటాయనుకుంటే, శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి, అంటే దాదాపు చచ్చిపోవడానికి, మూడు సెకన్ల పైనే పడుతుంది. ఈలోపు నటుడు పదిహేను అక్షరాలు పలికేస్తాడు. ఒక అక్షరం మీద ఇంకోటి పడి మాట ముద్దయిపోతుంది. అదే హాల్లో మెత్తటి సోఫా, మందపాటి కర్టెన్లు, టీవీకీ సోఫాకీ మధ్య ఒక జంపఖానా, పుస్తకాల అల్మరా ఉంటే ఈ సమయం సెకనులోపుకు వస్తుంది, అర సెకను దాకా దిగినా దిగుతుంది. అందుకే తొలి ఖర్చు కర్టెన్లకు పెట్టమంటాను. కర్టెన్ గుడ్డను గోడకు అంటించినట్టు కాకుండా, మడతలు పడేలా, నాలుగైదు అంగుళాలు దూరంగా వేలాడదీస్తే ఎక్కువ పీల్చుకుంటుంది. కోడిగుడ్ల ట్రేలు మాత్రం అతికించకండి. అవి మాటను పెద్దగా బాగు చేయవు, నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి.

ఎక్కడ కప్పాలో తెలుసుకోవడానికి ఒక అద్దం చాలు. మీరు సోఫాలో కూర్చోండి. ఇంకొకరు పక్క గోడ వెంట, స్పీకర్ ఎత్తులో అద్దాన్ని ఆనించి జరుపుకుంటూ వెళ్లాలి. ఎక్కడ మీకు అద్దంలో స్పీకర్ కనిపిస్తుందో, ఆ చోటి నుంచే గోడకు కొట్టుకున్న మొదటి శబ్దం మీ చెవికి వస్తోంది. అక్కడ పాత బొంత వేలాడదీసినా, పుస్తకాల అర పెట్టినా మాట ఒక్కసారిగా తేటపడుతుంది.

ఇక ఎన్ని స్పీకర్లు? అది సోఫాలో ఎంతమంది కూర్చుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. సినిమా 5.1 ట్రాక్‌లో, అంటే ఐదు స్పీకర్లు, ఒక వూఫర్ కోసం చేసిన శబ్దంలో, డైలాగు దాదాపు మొత్తం మధ్య స్పీకర్‌కే వెళ్తుంది. మీకు రెండే స్పీకర్లుంటే దాన్ని రెండింటికీ సమంగా పంచుతారు. రెండు వైపుల నుంచీ ఒకేసారి చేరడం వల్ల మాట తెర మధ్యలోంచి వస్తున్నట్టు మెదడు నమ్ముతుంది. రెండు స్పీకర్లతో శబ్దానికి చోటు కల్పించే ఈ స్టీరియో పద్ధతికి 1931లో పేటెంట్ దరఖాస్తు పెట్టిన బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్‌కు ఆలోచన తట్టింది సినిమా హాల్లోనే అంటారు. నటుడు తెరకు ఒక పక్కన ఉంటే గొంతు మాత్రం ఇంకో చోటి నుంచి రావడం ఆయనకు నచ్చలేదట.

అయితే ఈ భ్రమ నడుమ కూర్చున్నవాళ్లకే దక్కుతుంది. సోఫా చివర కూర్చున్నవాళ్లకు ఒక స్పీకర్ మూడడుగులు దగ్గరైందనుకోండి. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది కనుక ఆ వైపు మాట రెండున్నర మిల్లీసెకన్లకు పైగా ముందొస్తుంది. చెవికి అంత తేడా చాలు. ముందొచ్చిన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తే, మొత్తం అటు నుంచే వచ్చినట్టు తోస్తుందని 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ ప్రయోగాలు చేసి చూపించాడు. కాబట్టి చూసేది ఒకరిద్దరైతే రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక స్టీరియో ఆంప్లిఫయర్ తీసుకోండి. టీవీ ఆడియో సెట్టింగ్‌ను పీసీఎమ్‌కు, అంటే స్టీరియో ఆంప్లిఫయర్‌కు అర్థమయ్యే మామూలు డిజిటల్ శబ్దానికి, మార్చండి. ఇంటిల్లిపాదీ చూస్తారంటే మధ్య స్పీకర్ ముందు, వెనక స్పీకర్లు ఎప్పటికో. మధ్య స్పీకర్ పెట్టాలంటే ఏవీ రిసీవర్ కావాలి, అంటే 5.1 శబ్దాన్ని విడదీసి ఏ స్పీకర్‌ది దానికి పంపే ఆంప్లిఫయర్.

తక్కువ ధర 5.1 పెట్టెలతో నాకున్న పేచీ కూడా మాట దగ్గరే. వాటిలో ఐదు బుల్లి స్పీకర్లు, ఒక పెద్ద వూఫర్ ఉంటాయి. మూడంగుళాల లోపు కోన్, అంటే స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు, 150 హెర్ట్జ్ (సెకనుకు 150 కంపనాలు) కిందికి సరిగా దిగలేదు. మగగొంతు మూలస్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. దాంతో గొంతు పలచబడిపోతుంది, లేదా దాని బరువంతా మూలనున్న వూఫర్‌లోంచి వస్తుంది. అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో ఐదు, ఆరంగుళాల కోన్ ఉన్న జత దొరుకుతుంది. కొనేముందు కోన్ చుట్టూ ఉన్న అంచును చూడండి. నురుగు అంచైతే ఏళ్లు గడిచాక వేలు తగిలితే పొడిగా రాలిపోతుంది, రబ్బరు అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమని రాసుకుంటే లోపల కాయిల్ దెబ్బతిన్నట్టు, వదిలేయండి.

వాట్ల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్, అంటే ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 87 ఇచ్చేది, మూడు మీటర్ల దూరంలో 77 దాకా ఇస్తుంది. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. హాలుకు 30, 40 ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగే పవర్, పుష్కలం. క్షణకాలపు గరిష్ఠ పవర్ అంటూ అట్టపెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీవో అంకెను పట్టించుకోనక్కర్లేదు. వైరు విషయమూ అంతే. ఇంటి వైరింగ్‌కు వాడే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్లకు, పోనూ రానూ కలిపి, 0.12 ఓమ్ దాకా అడ్డుపడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదో లెక్క కాదు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలిపారో లేదో మాత్రం తప్పక చూసుకోండి. ఒక పక్క తిరగబడితే బేస్ మాయమై, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

స్పీకర్ల నడుమ దూరం, మీకూ వాటికీ ఉన్న దూరం సుమారు సమానంగా, ట్వీటర్ (సన్నటి స్వరాలిచ్చే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉంటే చాలు. షోకేస్ అర లోపలికి తోసేస్తే మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, అంచుదాకా ముందుకు లాగండి.

బేస్ దగ్గర మళ్లీ గదే రాజు. మన హాలు పొడవులో ఒక అల సగం సరిగ్గా పట్టే స్వరం సుమారు 38 హెర్ట్జ్, వెడల్పులో 47, ఎత్తులో 56. ఈ స్వరాలు గోడల దగ్గర ఉబ్బుతాయి, సరిగ్గా మధ్యలో ఆరిపోతాయి. ఒకే వూఫర్, ఒకే పాట. హాలు నడుమ కుర్చీలో బేస్ లేదంటారు, వెనక గోడకు ఆనుకున్నవాళ్లు గుండెలదురుతున్నాయంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సోఫాను వెనక గోడకు మూడు నాలుగు అడుగులు ముందుకు జరపగలిగితే జరపండి. సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి మీరు కూర్చునే చోట దాన్ని పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంట చెవి నేలకు దగ్గరగా పెట్టి పాకుతూ వినండి. ఏ చోట బేస్ మోగిపోకుండా, అన్ని స్వరాలూ సమంగా వినపడితే అక్కడ వూఫర్ పెట్టండి. శబ్దం వచ్చే చోటు, వినే చోటు తారుమారు చేసినా ఫలితం మారదు కాబట్టి ఈ ఉపాయం పనిచేస్తుంది.

టీవీ సంగతికొస్తే, 43 అంగుళాల తెరను ఆరడుగుల పైన కూర్చుని చూస్తే ఫుల్ హెచ్‌డీ చుక్కలను మామూలు చూపు విడదీయలేదు. 4కే కోసమే ఎక్కువ పెట్టడం కన్నా ఆ డబ్బు స్పీకర్లకు పెట్టండి.

రాత్రి వేళ లెక్క వేరు. మన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. సౌండ్ తగ్గిస్తే చెవికి ముందు తగ్గేది బేసే అని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. అందుకే వూఫర్ పెంచాలనిపిస్తుంది, కానీ కింది ఇంటికి శ్లాబు గుండా దిగేదీ అదే. పది దాటాక సబ్‌వూఫర్ స్విచ్ ఆపేసి, ఆడియో మెనూలో నైట్ మోడ్ పెట్టుకోండి. అది ఫైట్‌ను అణిచి డైలాగును పైకి తెస్తుంది. ముందున్న స్పీకర్లు సరైనవైతే సినిమాకు అవి చాలు.