నర్సు చేసే పని ఏమిటి? మనవలకు, మనవరాళ్లకు ఒక ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు, వారి స్నేహితులకు ఆశీస్సులు.

డాక్టరు రాసిన మందు ఇవ్వడం, సూది వేయడం తప్ప నర్సుకు సొంతంగా చేసే పని ఏముంటుందని మొన్న సెలవుల్లో మీలో ఒకరు అడిగారు. ఉద్యోగ జీవితమంతా వార్డుల్లోనే గడిపినదాన్ని కనుక, ఆ ప్రశ్నకు నోటిమాటగా కాక వివరంగా రాసి జవాబు చెప్పాలనిపించింది. డాక్టరు రోగాన్ని గుర్తించి వైద్యం నిర్ణయిస్తారు; ఆ వైద్యం ఒంటికి పట్టేదాకా ఏ గంటకు ఏ మార్పు వస్తున్నదో కనిపెడుతూ, కొత్త కష్టం దాపురించకుండా రోగిని కాపాడుకుంటూ వచ్చేది నర్సు. మన రుయా వంటి పెద్దాసుపత్రిలో డాక్టర్లు రౌండ్లకు వచ్చినప్పుడు ఒక్కో మంచం దగ్గర కొద్ది నిమిషాలే నిలబడగలుగుతారు. మిగిలిన పగలూ రాత్రీ షిఫ్టుల వారీగా రోగి దగ్గర ఉండేది సిస్టర్లే.

మా చదువులో ఈ పనికి ఒక క్రమం నేర్పుతారు. ముందు రోగిని పరిశీలించాలి. ఏ ఇబ్బంది ఉన్నదో, ఏది రాబోతున్నదో తేల్చుకోవాలి. ఏం చేయాలో నిర్ణయించుకొని చేయాలి. చేసిన తరువాత దానివల్ల గుణం కనిపించిందో లేదో మళ్లీ చూడాలి. పని ఒత్తిడిలో ఎక్కువగా జారిపోయేది ఈ చివరిదే. నొప్పికి మందు ఇచ్చి, గంట లోపల తిరిగి వచ్చి ‘ఇప్పుడెట్లుంది, నొప్పి పదికి ఎంతుంది?’ అని అడగని నర్సు సగం పనే చేసినట్లని నేను గట్టిగా నమ్ముతాను.

డాక్టరు చెప్పకపోయినా నర్సు తన బాధ్యతగా చేసే పనుల్లో ఒకదాన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. పక్షవాతంతో ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయి, తనంతట తాను ఒత్తిగిల్లలేని పెద్దాయన ఒకరు మంచంమీద ఉన్నారనుకోండి. నడుము కింది భాగంలో, తుంటి దగ్గర, మడమల దగ్గర, తల వెనక ఎముకకూ పరుపుకూ నడుమ చర్మం నలిగి, అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి, నెత్తురు అందక కండ చచ్చిపోవడం మొదలవుతుంది. దానినే వార్డులో బెడ్‌సోర్ అంటాం. ఒకసారి లోతుగా పడితే మానడానికి నెలలు పడుతుంది, చీము పట్టి రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని 2 గంటలకు ఒకసారి, రోగి పరిస్థితిని బట్టి ఇంకా ముందుగానే, ఆయనను పక్క మార్చి పడుకోబెట్టాలి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముకమీద పడుతుంది కనుక, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా ఉంచుతాం. పిక్కల కింద మరొక దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూస్తాం. తిప్పేటప్పుడు కింద పరిచిన అడ్డదుప్పటిని ఇద్దరం చెరోపక్క పట్టుకొని ఎత్తాలే గాని ఈడ్చకూడదు, ఎందుకంటే ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. ఎక్కడైనా ఎర్రబడి ఉంటే వేలితో నొక్కి చూస్తాం. నొక్కినప్పుడు తెల్లబడి, వదలగానే మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండుకు అది మొదటి గుర్తు. రంగు చామనఛాయగానో నల్లగానో ఉన్నవారిలో ఈ ఎరుపు కంటికి సరిగ్గా ఆనదు కనుక, చుట్టుపక్కల చర్మంతో పోల్చి అక్కడ వేడిగా ఉన్నదా, గట్టిపడిందా అని చేత్తో తాకి చూడాలి. అటువంటి చోట నూనె రాసి మర్దన చేస్తే మేలని ఇళ్లలో అనుకుంటారు గాని, దానివల్ల లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. వీటిలో దేనికీ ఖరీదైన యంత్రం అక్కరలేదు. మంచం పట్టిన మనిషి వీపు చూస్తే ఆ వార్డులో నర్సింగ్ ఎట్లా జరుగుతున్నదో తెలుస్తుందని మా పెద్ద సిస్టర్లు అనేవారు. నా అనుభవంలోనూ అదే నిజమైంది.

ఇక డాక్టరు రాసిన మందు ఇవ్వడంలో కూడా నర్సు బుద్ధి పనిచేయవలసి ఉంటుంది. సరైన రోగికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన వేళకు అన్న ఐదింటినీ సరిచూసుకున్నాకే చెయ్యి ముందుకు చాపాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కించమని రాశారనుకుందాం. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టయితే నిమిషానికి దాదాపు 21 చుక్కలు పడేటట్లు వాచీ చూసి సర్దాలి. గుండెజబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ మాత్ర చేతిలోకి తీసుకునే ముందు నాడి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవారిలో అది 60 కన్నా తక్కువగా ఉంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. భోజనానికి ముందు ఇచ్చే ఇన్సులిన్ వేసే ముందు అన్నం వచ్చిందా, రోగి తినగలిగే స్థితిలో ఉన్నారా అని చూడాలి. రాసినది గుడ్డిగా చేసేవారికి ఈ పని అప్పగించకూడదు.

మూడో రకం పనులు పదిమందితో కలిసి చేసేవి. బర్డ్ ఆసుపత్రి వంటి చోట ఎముకల ఆపరేషన్ అయినవారిని ఫిజియోథెరపిస్టుతో కలిసి వీలైనంత త్వరగా లేపి నడిపించడం, దీర్ఘంగా ఊపిరి పీల్పించడం, కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండా పాదాలు ఆడించమనడం ఇందులోకి వస్తాయి.

మన ఊరికే ప్రత్యేకమైన సంగతి ఒకటి రాయాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు కాలినడకన ఎక్కే భక్తుల్లో షుగరు ఉన్నవారు ఎందరో. ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం వేసుకొని ఎక్కితే దారిలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. రక్తంలో చక్కెర 70 కన్నా దిగితే, తెలివి ఉన్నవారికి 15 గ్రాములు, అంటే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. దీనికన్నా మోసకరమైనది పాదాల తిమ్మిరి. స్పర్శ తగ్గినవారికి ఎండకు కాలిన బండమీద బొబ్బ లేచినా తెలియదు. ఆ బొబ్బే పుండై, చివరకు వేలు, కాలు తీసేయవలసి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అందుకని షుగరు రోగిని ఇంటికి పంపే ముందు నర్సు కూర్చొని, రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోవడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం, గోళ్లు వంపు లేకుండా తిన్నగా తీసుకోవడం ఆయన చేత చేయించి చూడాలి. చెప్పి వదిలేస్తే చాలదు. కాగితం చేతిలో పెట్టి పంపడాన్ని బోధన అని నేను ఒప్పుకోను.

ఈ పనుల విలువ కొత్తగా తెలిసింది కాదు. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్ శుభ్రత, గాలి, ఆహారం, లెక్కల నమోదు మీదనే పట్టుబట్టింది. మన పక్కనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910లలో క్షయ ఆసుపత్రి వెలిసినప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గాని రాలేదు. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఓపికగల పరిచర్యే అక్కడి వైద్యం.

వీటన్నిటిలో కొత్త నర్సులు తేలిగ్గా తీసుకునేది ఊపిరి లెక్క. పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. లోపల పరిస్థితి విషమిస్తున్నప్పుడు బీపీ పడిపోక ముందే చాలాసార్లు ఈ అంకె పెరుగుతుంది. అయినా అంచనాగా ఒక అంకె వేసేసే చార్టులు నేను ఎన్నో చూశాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది. కనుక నాడి చూస్తున్నట్లు మణికట్టు పట్టుకొనే, రొమ్ము పైకీ కిందికీ కదలడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కించి, వేళతో సహా రాసి, షిఫ్టు మారేటప్పుడు తరువాతి సిస్టరుకు మంచం దగ్గరే అప్పగించాలి.

మీలో ఈ చదువు చదవాలనుకునేవారు ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుంటే 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరవచ్చు. 3 ఏళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సు కూడా ఉంది. మన తిరుపతిలోని పెద్ద వైద్య సంస్థ స్విమ్స్‌లోనే నర్సింగ్ కళాశాల ఉంది. చేరే ముందు ఏమైనా అడగాలనుకుంటే నాకు ఉత్తరం రాయండి, ఎంత వివరంగా కావాలంటే అంత వివరంగా జవాబిస్తాను.

ఇట్లు,
మీ అవ్వ