త్సో మొరిరి: నీళ్లకు బయటి దారి లేని సరస్సు

లద్దాఖ్‌లోని త్సో మొరిరి ఫొటోలు చూసినవాళ్లు ముందు దాని నీలం రంగు గురించే మాట్లాడతారు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ సరస్సు మనకు అర్థం కావాలంటే రంగు సంగతి పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇందులోకి వచ్చిన నీళ్లు ఎటు పోతాయి? ఎటూ పోవు. చుట్టుపక్కల కొండల మీద కరిగిన మంచు ఉత్తరం నుంచి ఒక వాగుగా, నైరుతి నుంచి ఇంకో వాగుగా వచ్చి ఇందులో చేరుతుంది, ఇక అక్కడి నుంచి గాలిలోకి ఆవిరైపోవడం తప్ప ఆ నీళ్లకు వేరే దారి లేదు.

ఒకప్పుడు ఉండేది. దక్షిణం వైపు పొంగి పొర్లి సట్లెజ్ నది దిక్కుగా పోయేవి. కొండవాగులు మోసుకొచ్చిన రాళ్లూ ఇసుకా విసనకర్రలా పరుచుకుని ఆ దారికి అడ్డుకట్ట వేశాయి. పైగా వాతావరణం ఎండిపోయి, ఆ కట్ట దాటేంత నీరు రావడం మానేసింది.

ఇక్కడి ఎత్తు 4,522 మీటర్లు. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. చుట్టూ ఉన్నది చాంగ్‌తాంగ్ అభయారణ్యం, అరణ్యం అని పేరే గానీ ఇది చలి ఎడారి, ఉన్నదంతా గడ్డీ రాళ్లే. నైరుతి రుతుపవనాల తడిలో చాలావరకు హిమాలయాలే పిండేసుకుంటాయి. లేహ్‌లో ఏడాదంతా కలిపి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. ఎండ తీక్షణం, గాలి పొడి, మధ్యాహ్నమైతే ఈదురుగాలి. నీళ్లు ఆవిరి కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇలాంటి సరస్సు తన సైజును తానే తేల్చుకుంటుంది, నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. ఎక్కువ నీళ్లొచ్చిన కాలంలో మట్టం పెరిగి నీళ్లు ఒడ్డు మీదికి పాకుతాయి, ఉపరితలం పెద్దదయ్యేసరికి ఆవిరీ పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట రాకకూ పోకకూ లెక్క సరిపోయి మట్టం నిలుస్తుంది. మంచు తగ్గితే మళ్లీ వెనక్కి. అలా నిలిచిన ప్రతిసారీ అల ఒడ్డును కోసి ఒక గీత గీస్తుంది. ఈ ప్రాంతపు సరస్సుల చుట్టూ వాలుల మీద మెట్లలా కనిపించే పాత ఒడ్లు అవే.

నీళ్లు ఆవిరవుతాయి, వాగులు తెచ్చిన ఉప్పు మాత్రం ఉండిపోతుంది. త్సో మొరిరి నీళ్లలో ఉప్పదనం కొద్దిగానే ఉంది. ఉత్తరాన ఉన్న త్సో కర్ దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ పక్కపక్కనే రెండు సరస్సులు. స్టార్ట్‌సాపుక్ త్సో నీళ్లు త్సో కర్‌లోకి పోతాయి కాబట్టి అది మంచినీటి సరస్సుగానే ఉంది, త్సో కర్‌కు బయటికి దారి లేదు కాబట్టి ఉప్పంతా దానికే మిగిలింది. పశువులతో తిరిగే చాంగ్‌పా జనం తరతరాలుగా దాని ఒడ్డున ఉప్పు ఏరుకుని అమ్ముకున్నారు.

ఈ చుట్టుపక్కల రాళ్ల గురించి చెప్పకుండా వదిలేయలేను. 5 కోట్ల ఏళ్లకు ముందు భారతదేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క (భారత ఫలకం) ముందంచు ఆసియా కిందికి దూరినప్పుడు ఈ రాళ్లు దాదాపు 90 కిలోమీటర్లు, అంతకంటే లోతుకు కూడా దిగి మళ్లీ పైకొచ్చాయి. సాక్ష్యం వాటిలో దొరికిన కోయసైట్ అనే ఖనిజం. మామూలు క్వార్ట్జ్ అలా మారాలంటే అంత లోతులో ఉండే ఒత్తిడి పడాలి.

సరస్సు అడుగున మరో రికార్డు ఉంది. లోతైన చోట, సుమారు 105 మీటర్ల నీటి కింద, పొరలుగా పేరుకున్న బురదను గొట్టంతో బయటికి తీసి పరిశీలిస్తే దాదాపు 26 వేల ఏళ్ల వాతావరణ చరిత్ర బయటపడింది. ఎప్పుడు రుతుపవనాలు బలంగా లోపలికి చొచ్చుకొచ్చాయో, ఎప్పుడు సరస్సు కుంచించుకుపోయిందో ఆ పొరల్లోంచి చదువుకోవచ్చు.

ప్రాణులు ఎక్కువగా కనిపించేది వాగులు వచ్చి కలిసే బురద నేలల్లో. నీళ్లు తియ్యన, గడ్డి పచ్చన. తల మీద రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ గూస్ బాతులు వేసవిలో ఇక్కడ గుడ్లు పెడతాయి. పలచటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను బాగా పట్టుకునే హిమోగ్లోబిన్ వీటిది, ఈ జాతి పక్షులు 7,000 మీటర్లు దాటి ఎగిరినట్టు జీపీఎస్ పరికరాల్లో నమోదైంది. లద్దాఖ్ అధికార పక్షి అయిన నల్లమెడ కొంగ కూడా ఇలాంటి తడి నేలల్లోనే గూడు కడుతుంది. 2002లో ఈ సరస్సును అంతర్జాతీయంగా ముఖ్యమైన తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చారు.

ఆ కొంగ గూడు నేల మీదే, గడ్డి పరకల మధ్య. దగ్గరి నుంచి ఫొటో కోసం కారును ఆ పచ్చిక మీదికి దింపేవాళ్లకు అక్కడ గుడ్లున్నాయన్న సంగతే తెలియదు. మనుషులు పడేసిన తిండి మీద బతికే ఊరకుక్కలకు మాత్రం బాగా తెలుసు, లద్దాఖ్‌లో నల్లమెడ కొంగ గుడ్లకూ పిల్లలకూ ఇవాళ పెద్ద ముప్పు వాటివల్లే.