337 టన్నులు కాలిపోయాయి, భోపాల్ నేల మిగిలింది

2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్ లారీలు భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కార్ఖానా నుంచి బయల్దేరాయి. వాటిలో ఉన్నది 337 టన్నుల విష వ్యర్థం. దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌లో దాన్ని కాల్చడం జూన్ నెలాఖరుకు పూర్తయింది. గ్యాస్ లీకైంది 1984 డిసెంబరులో. అంటే ఈ కొద్దిపాటి చెత్త కదలడానికే 40 ఏళ్లు పట్టింది.

నిజానికి భోపాల్ నేల గ్యాస్ లీకైన ఆ రాత్రి పాడైంది కాదు. 1970ల నుంచే కార్ఖానా ఆవరణలోనూ, వ్యర్థ జలాలను ఎండబెట్టడానికి పక్కన తవ్విన చెరువుల్లోనూ వ్యర్థాలు పోస్తూ వచ్చారు. అవి ఇంకి భూగర్భ జలాల్లో కలిశాయి. గ్యాస్ పీల్చని పిల్లలు కూడా ఆ బోరు నీళ్లు తాగి పెరిగారు. చుట్టుపక్కల బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పాల్సి వచ్చింది.

మరి శుభ్రం చేయాల్సింది ఎవరు? 1989 పరిహార ఒప్పందంలో కంపెనీ 47 కోట్ల డాలర్లు కట్టింది. 1998లో స్థలం మధ్యప్రదేశ్ ప్రభుత్వం చేతికి తిరిగొచ్చింది. 2001లో యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కంపెనీ, ఆ పాత బాధ్యత తనది కాదంది. 2004లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక వ్యర్థాన్ని పోగుచేసి గోదాములో పెట్టారు. గుజరాత్‌లోని అంకలేశ్వర్‌కు పంపుదామంటే ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. జర్మనీ సంస్థతో జరిగిన మాటలు 2012లో తెగిపోయాయి. 2015లో పీథంపూర్‌లో 10 టన్నులు ప్రయోగాత్మకంగా కాల్చారు, అంతే. చివరికి 2024 డిసెంబరు 3న హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టింది. ఖర్చు 126 కోట్లు, అదీ ప్రజల సొమ్మే. పీథంపూర్ జనం రోడ్డెక్కారంటే వాళ్లను తప్పుపట్టలేం. ఊళ్లోకి ఏం వస్తోందో వాళ్లకు ముందుగా విడమరిచి చెప్పినవాళ్లు లేరు.

చట్టం లేక కాదు ఇదంతా. భోపాల్ తర్వాతే 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలని రాజస్థాన్‌లోని బిచ్డీ కేసులో సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. అక్కడ లెక్కగట్టిన 37 కోట్ల పైచిలుకు రాబట్టడానికి 2011లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. పాడైన నేలను ఎవరు గుర్తించాలి, ఎన్నాళ్లలో శుద్ధి చేయాలి అనే వరుసక్రమం మాత్రం 2025 దాకా ఏ నిబంధనలోనూ లేదు. పరిశ్రమల వ్యర్థాలతో పాడైన నక్కవాగు ఒడ్డున కాపురముండే పటాన్‌చెరు రైతును అడిగినా ఇదే చెబుతాడు.

ఆ వరుసక్రమం 2025 జులైలో వచ్చిన కలుషిత స్థలాల నియమావళితో దొరికింది. అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించి తేల్చాలి, బాధ్యుణ్ని గుర్తించి ఖర్చు వసూలు చేయాలి. బాధ్యుడు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఇది నిజంగా ముందడుగు. గనుల కాలుష్యం, అణుధార్మిక వ్యర్థాలు ఈ పరిధిలోకి రాకపోవడం మాత్రం నాకు లోటుగానే కనిపిస్తోంది.

కాలిన 337 టన్నులు నేల మీద మూటకట్టి ఉన్నవి. కార్ఖానా ఆవరణలో, చుట్టుపక్కల పాడైన మట్టి 11 లక్షల టన్నులని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 2010లోనే అంచనా వేసింది. ఈ స్థలాన్ని కొత్తగా ఎవరూ గుర్తించనక్కర్లేదు. ఆ మట్టి పని ఎప్పుడు మొదలుపెడతారో ప్రభుత్వాలు తేదీ చెప్పాలి.