ఉప్పల్ మెట్లెక్కకుండా మ్యాచ్

మా నాన్నకి క్రికెట్ అంటే ప్రాణం. మోకాళ్లు అరిగిపోయాక ఉప్పల్ స్టేడియం మెట్లు ఎక్కలేక టీవీతోనే సరిపెట్టుకుంటున్నారు. ఆయన బాధ ఒక్కటే: "వాడు ఎటు చూపిస్తే అటే చూడాలిరా." బౌలర్ పరుగు మొదలుపెట్టగానే ఆయనకి స్లిప్ ఫీల్డర్ చేతులు చూడాలనుంటుంది. టీవీలో అది కుదరదు.

ఆటని త్రీడీలో చూడటం అనగానే బంతి మన మీదికి దూసుకురావడమే చాలామందికి గుర్తొస్తుంది. నాకు మాత్రం మా నాన్న కోరికే గొప్పగా అనిపిస్తుంది. మైదానంలో ఎక్కడి నుంచి చూడాలో మనమే ఎంచుకోవాలి.

దీనికి పునాది ఎప్పుడో పడింది. 2001 జనవరిలో అమెరికాలో సూపర్ బౌల్ (అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్) ఆటకి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త టకేయో కనాడే సాయంతో స్టేడియం చుట్టూ సుమారు 30 రోబో కెమెరాలు పెట్టారు. ఒక క్షణాన్ని ఆపి, దాని చుట్టూ తిరిగొచ్చినట్టు చూపించారు. అదే ఏడాది క్రికెట్‌లోకి బంతి దారిని లెక్కగట్టే హాక్-ఐ వచ్చింది. ఎల్బీడబ్ల్యూ రివ్యూలో కనిపించే బంతి గీత, పలు కెమెరాల కోణాలు కలిపి కట్టిన త్రీడీ లెక్కే. బంతికి చేసే ఈ పనిని ఆటగాళ్లకీ, పిచ్‌కీ, జనానికీ చేయగలిగితే మైదానమంతా కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. 2023లో వచ్చిన ఒక గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతి దృశ్యాన్ని లక్షల మెత్తటి రంగు మచ్చలుగా మార్చి, అడిగిన కోణంలో చకచకా గీసిస్తుంది. ఆట సాగుతుండగానే మైదానమంతటికీ ఇలా చేయడం చాలా బరువైన పని.

అంతకన్నా పెద్ద చిక్కు మన కంటి దగ్గరుంది. బొటనవేలిని ముఖానికి జానెడు దూరంలో పెట్టి చూడండి. రెండు కళ్లూ ముక్కువైపు తిరుగుతాయి. కంటిలోని కటకం ఉబ్బి వేలి మీద ఫోకస్ అవుతుంది. వెనకున్న గోడ మసకబారుతుంది. ఈ రెండు పనులూ జోడెడ్లలా కలిసి నడుస్తాయి. త్రీడీ సినిమాలో ఆ జోడీ విడిపోతుంది. కళ్లు దగ్గరకొచ్చిన బంతి వైపు తిరుగుతాయి, ఫోకస్ మాత్రం దూరంగా ఉన్న తెర మీదే ఆగాలి. త్రీడీ సినిమా చూసి తలనొప్పితో బయటికొచ్చేవాళ్ల ఇబ్బందికి ఇదొక ముఖ్య కారణం. ఇప్పుడు ఎక్కువగా దొరికే హెడ్‌సెట్లదీ ఇదే ఇబ్బంది.

దీనికి విరుగుడు 1908లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాబ్రియెల్ లిప్‌మన్‌కి తట్టింది. ఫొటో ప్లేటు మీద ఈగ కన్నులా చిట్టి కటకాలు పరిస్తే, ఏ దిక్కు నుంచి వచ్చిన వెలుగును ఆ దిక్కుకే తిరిగి పంపవచ్చన్నాడు. అప్పుడు కళ్లజోడు అక్కర్లేదు, తల కదిపితే దృశ్యమూ మారుతుంది. చాలినన్ని కోణాలుంటే కళ్లు తిరిగిన చోటే ఫోకస్ కూడా కుదురుతుంది. ఒక్కో దిక్కుకి ఒక్కో కోణం చూపించే లైట్ ఫీల్డ్ తెరల్లో కొన్ని ఈ సూత్రం మీదే నడుస్తాయి. కాకపోతే లెక్క చూడండి: ఒక 4కె ఫ్రేములో సుమారు 83 లక్షల చుక్కలు. 100 కోణాలకి 83 కోట్లు. సెకనుకి 60 ఫ్రేములంటే దాదాపు 5,000 కోట్ల చుక్కలు! పక్కపక్క కోణాల్లో తేడా కొంచెమే కాబట్టి చాలావరకు కుదించవచ్చు. నా ఆశంతా అక్కడే.

అది సాధ్యమైన రోజున మా నాన్నని స్లిప్స్ పక్కనే కూర్చోబెడతాను. నేను వేరే ఊళ్లో ఉన్నా, క్యాచ్ పట్టగానే ఆయన పక్కకి తిరిగితే నేను కనిపించాలి.