సొరుగులో పసుపు లెన్స్

బెంగళూరు పీణ్యలో షీట్ మెటల్ జాబ్‌వర్క్ చేసే హిందూపురం అన్న ఒకాయన టేబుల్ సొరుగులో, దూదిలో చుట్టిన పసుపురంగు బిళ్ల ఒకటి ఉంటుంది. చూస్తే గాజులా ఉంటుంది కానీ గాజు కాదు, జింక్, సెలీనియం కలిసిన జింక్ సెలినైడ్. అమ్మేసిన పాత లేజర్ కటింగ్ మిషన్ లెన్స్ అది. "దీన్ని తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేవాళ్లమప్పా" అంటాడు. మురికి అంటితే అక్కడే వేడెక్కి లెన్స్ పాడవుతుంది మరి.

గాజు లెన్స్ పెట్టుకోవచ్చు కదా అంటే, కుదరదు. ఆ మిషన్‌లోని సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ నుంచి వచ్చేది 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న పరారుణ కిరణం. మామూలు గాజు దాన్ని మింగేస్తుంది. ఈ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. అందులోని గ్యాసుల్లో, కరెంటు శక్తిని నైట్రోజన్ అందుకుని కార్బన్ డయాక్సైడ్‌కు ఇస్తుంది, హీలియం వేడిని లాగేస్తుంది. వంద పాళ్ల కరెంటు పోస్తే వెలుగయ్యేది పది పాళ్ల దగ్గర. మిగతా వేడంతా చల్లబరిచే చిల్లర్ మిషన్ నెత్తిన.

ఈ లేజర్లలో పేరున్న కంపెనీ రోఫిన్-సినార్. 1975లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైంది. దాని స్లాబ్ లేజర్ అంటే నాకు ముచ్చట. గ్యాసును గిరగిరా తిప్పి చల్లబరిచే బదులు, రెండు రాగి పలకల మధ్య సన్నటి సందులో ఉంచారు. వేడి పలకల్లోకి దిగుతుంది, పలకలను నీళ్లు చల్లబరుస్తాయి. అరిగే భాగాలు తక్కువ, గ్యాసు ఖర్చూ తక్కువ. సీఓటూ లేజర్‌ను ఇంతకన్నా ఏం బాగుచేస్తారు?

దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. వాలెంటిన్ గపోంత్సెవ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1990లో రష్యాలో మొదలుపెట్టిన ఐపీజీ అనే కంపెనీ, సన్నటి గాజు పోగునే (ఫైబర్) లేజర్‌గా మార్చి అమ్మింది. పోగులో ఇటర్బియం అనే మూలకం కలిపి, డయోడ్ల వెలుగు పంపితే, 1.07 మైక్రాన్ల దగ్గర కిరణం వస్తుంది. అది గాజులో హాయిగా పోతుంది. సీఓటూలోలా కిరణాన్ని మళ్లించే అద్దాలు సరిచూసుకునే టెన్షన్ లేదు, కిరణాన్ని కేబుల్‌లా కటింగ్ హెడ్ దాకా లాక్కోవచ్చు. పైగా లోహాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి పలుచటి షీటు చకచకా తెగుతుంది. కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందని అన్నను అడిగితే ముందు నవ్వుతాడు. చెక్క, యాక్రిలిక్ కోసేవాళ్లు మాత్రం ఇప్పటికీ సీఓటూనే వాడతారు.

రోఫిన్ నిద్రపోలేదు. 2007లో ఫిన్లాండ్ కంపెనీ కోర్‌లేస్‌ను, 2008లో అమెరికాలో నుఫెర్న్‌ను కొని ఫైబర్ లేజర్లలోకి దిగింది. అప్పటికే ఐపీజీ డయోడ్లు కూడా సొంతంగా చేసుకుంటూ చాలా ముందుకు పోయింది. (ఆ ఐపీజీకీ తర్వాత చైనా కంపెనీల ధరలు తలనొప్పయ్యాయి, అది వేరే కథ.) 2016లో అమెరికా కంపెనీ కోహెరెంట్ దాదాపు 94 కోట్ల డాలర్లకు రోఫిన్‌ను కొనేసింది. 2022లో ఆ కోహెరెంట్‌నే టూ-సిక్స్ అనే ఇంకో కంపెనీ కొని, తన పేరు వదిలేసి కోహెరెంట్ అని పెట్టుకుంది.

టూ-సిక్స్ అంటే ఏమిటో తెలుసా? పాత ఆవర్తన పట్టికలో రెండో గ్రూపు, ఆరో గ్రూపు. జింక్‌ది రెండు, సెలీనియంది ఆరు. 1971లో పుట్టిన ఆ కంపెనీ ఎదిగిందే సీఓటూ లేజర్లకు ఇలాంటి లెన్స్‌లు చేసి. లెన్స్‌లు చేసినవాడే చివరికి లేజర్లు చేసినవాళ్లను కొనేశాడన్నమాట.

ఇదంతా విని అన్న సొరుగు తీశాడు. బిళ్లను ట్యూబ్‌లైట్‌కు అడ్డంపెట్టి చూసి, "అయితే దీనికేమన్నా రేటొస్తుందేమో కనుక్కో అప్పా" అన్నాడు.