నటీ బినోదిని నాటకాలు మానేసింది ఆశీర్వాదం వల్ల కాదు

అడ్మిషన్లు మొదలైతే చాలు, థియేటర్ కోర్సులో చేరతానన్న కూతురితో వచ్చిన ఎవరో ఒకరు నాకు ఈ కథ చెప్తారు. కలకత్తాలో బినోదిని దాసి అని పెద్ద నటి ఉండేదట, రామకృష్ణ పరమహంస దీవించగానే వైరాగ్యం పుట్టి వేషాలు మానేసిందట. అంటే నాటకం పాపమనీ, ఎంత తొందరగా బయటపడితే అంత మంచిదనీ వాళ్ల భావం.

తేదీలు చూడండి చాలు. రామకృష్ణులు ‘చైతన్యలీల’ నాటకం చూసింది 1884 సెప్టెంబర్‌లో. అందులో ఈమెది చైతన్యుడి వేషం, అవును, మగవేషమే. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఆడుతూనే ఉంది. 1886లో ‘బిల్వమంగళ్’లో చింతామణి కూడా వేసింది (మన ‘చింతామణి’ నాటకం మూలకథ కూడా అదే). 1887 మొదట్లో తప్పుకుంది, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఆమెకు ఆయన మీద భక్తి నిజమే, కాదనను. కానీ ఆత్మకథలో తోటివాళ్లు చేసిన మోసాల గురించి ఎంత బాధపడి రాసుకుందో చదవరేం?

1883లో బీడన్ స్ట్రీట్‌లో స్టార్ థియేటర్ లేచింది గుర్ముఖ్ రాయ్ అనే కుర్ర వ్యాపారి డబ్బుతో. అతను కోరింది ఈమెను. డబ్బిస్తానంటే వద్దని, థియేటర్ కట్టించాలని పట్టుబట్టి, దానికోసం అతని దగ్గర ఉండటానికి ఒప్పుకుంది. పని నడుస్తుంటే తనే తట్టలతో మట్టి మోసింది. ఆమె పేరే పెడతామని నమ్మించినవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించి వచ్చి, పేరు ‘స్టార్’ అన్నారు.

మోనోలాగ్ పరీక్షకు ఒకమ్మాయి బినోదినిని ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా పశ్చాత్తాపంతో ఏడ్చింది. ఏడుపు ఆపి తట్ట ఎత్తమన్నాను. నడుము, మెడ, గొంతు, అన్నీ మారిపోయాయి.

తల్లిదండ్రుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. రిహార్సల్ అయ్యాక రాత్రి ఇంటికి ఎవరు దింపుతారు, ఒప్పుకున్నది కాగితం మీద ఉందా అని అడగండి, చెప్తాను. పాపపుణ్యాల లెక్క నన్నడగొద్దు.

మిగతావి గబగబా. చదువు రాదనడం అబద్ధం, కవిత్వం కూడా అచ్చువేసింది. ఆమెకు నటన నేర్పిన నాటకకర్త గిరీశ్ ఘోష్ గొప్ప గురువే గానీ ఆయన దగ్గరికి వచ్చేసరికే ఆమె పేరున్న నటి, రంగస్థలం ఎక్కింది 1874లో. ఇప్పుడు కలకత్తా హాతీబాగాన్‌లో ఉన్న స్టార్ ఆమె కట్టించింది కాదు, అది 1888లో, ఆమె మానేశాక వచ్చింది. దానికి బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది 2024 చివర్లో.