చిన్న మ్యూజియంలు, పాత గుళ్ళు: పన్నెండేళ్ళుగా నేను వింటున్న అపోహలు

హైదరాబాద్ నుంచి పది పదిహేను మందిని వెంటబెట్టుకుని, జనం పెద్దగా వెళ్ళని గుళ్ళూ కోటలూ మ్యూజియంలూ చూపించడం నా పని. పన్నెండేళ్ళయింది. ఎవరొచ్చినా అడిగేవి అవే ప్రశ్నలు, నమ్మేవి అవే కథలు. వాటిలో కొన్ని మా గైడ్లు పుట్టించినవే, మొదట్లో నేనూ చెప్పాను, దాచడమెందుకు.

అపోహ: అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలంటే తొమ్మిది బ్రహ్మ గుళ్ళు.

కాదు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ... పేర్లలో బ్రహ్మ ఉన్నాడు గానీ తొమ్మిదీ శివుడి కోసం కట్టినవే. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని ఒక కథ, రససిద్ధుడు అనే యోగి పాదరసంతో ప్రయోగాలు చేశాడని ఇంకో కథ, ఏది నచ్చితే అది వినండి. నేను మాత్రం అందరినీ ముందు తలెత్తి శిఖరాలు చూడమంటాను. బాదామి చాళుక్యుల కాలం నాటి గుళ్ళివి, స్వర్గబ్రహ్మ దగ్గర 7వ శతాబ్దం చివర్లో పాలించిన వినయాదిత్యుడి కాలం శాసనం ఉంది. శిఖరాలేమో ఒంపు తిరిగి పైకి వెళ్ళి, నెత్తిన ఉసిరికాయలాంటి ఆమలకంతో ముగుస్తాయి, అంటే ఒడిశా వైపు కనిపించే ఉత్తరాది పద్ధతి. తుంగభద్ర ఒడ్డున, కర్నూలు పక్కన! అన్నీ అలా ఉంటే ఒక్క తారకబ్రహ్మ మాత్రం మెట్లు మెట్లుగా లేచే దక్షిణాది విమానంతో, అంటే గర్భగుడి పైకప్పు గోపురంతో, ఉంటుంది. పిల్లలకు ఆ ఒక్కటి ఏదో కనిపెట్టమని పందెం పెడతాను, పెద్దవాళ్ళ కంటే వాళ్ళే ముందు చెబుతారు. జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం చేసుకుని, మిగతా ఎనిమిదీ కారు కిటికీలోంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళను తలుచుకుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

అక్కడి మ్యూజియంలోకి తప్పకుండా వెళ్ళండి. తలకు బదులు పద్మం ఉన్న ఒక స్త్రీ శిల్పం ఉంటుంది, లజ్జాగౌరి అంటారు. కూర్చున్న భంగిమ చూసి ఇదేదో బూతు బొమ్మ అనుకుని పిల్లల కళ్ళు మూసి లాక్కెళ్ళే తల్లిదండ్రులను చాలాసార్లు చూశాను. అమ్మా, అది సంతానం కోసం మొక్కిన దేవత అని చెప్పాక వాళ్ళే వెనక్కి వచ్చి దణ్ణం పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

అపోహ: గుడి ఎక్కడ కనిపిస్తే అక్కడే కట్టారు.

ఇది అపోహ అని కూడా ఎవరికీ తట్టదు. అలంపురంలో ఉన్న సంగమేశ్వరాలయం అసలు అక్కడిది కాదు. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునుగుతుందని రాయి రాయికీ నంబరు వేసి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్ళీ పేర్చారు. నాగార్జునకొండ కూడా అంతే. లాంచీ దిగి ద్వీపం మీద స్తూపాలూ విహారాలూ చూసి 'బౌద్ధ భిక్షువులు ఈ నీళ్ళ మధ్యకు రోజూ ఎలా వచ్చేవారండీ' అని అడుగుతారు. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టక ముందు ఇక్కడ నీళ్ళు లేవు, లోయ ఉండేది. 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండ పైకి, కొన్నింటిని ఒడ్డున అనుపుకి చేర్చారు. మనం నిలబడేది ఒకప్పటి కొండ నెత్తి మీద. తిరిగొచ్చేటప్పుడు లాంచీలో ఆ మాట చెబితే అందరూ ఒక్కసారిగా నీళ్ళలోకి చూస్తారు.

అపోహ: చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉంది.

ప్రతి కోటకూ ఒక సొరంగం ఉండాల్సిందే, లేకపోతే జనం టికెట్ డబ్బులు దండగ అనుకుంటారు. ఈ సొరంగాన్ని ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. మధ్యలో మూసీ ఉంది కదా, ఆ నది దాటడానికే కదా కుతుబ్ షాహీలు 1578లో పురానాపూల్ కట్టుకున్నారు! గోల్కొండలో నిజంగా ఆశ్చర్యపడాల్సింది గోడల్లో కనిపించే మట్టి గొట్టాలను చూసి. నీటి చక్రాలతో అంచెలంచెలుగా తోడి, ఆ గొట్టాల్లోంచి నీళ్ళు పైకి పంపేవారు. కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ నెత్తినున్న బాలా హిస్సార్ దగ్గర వినిపించడం మాత్రం నిజం, కొట్టి చూసుకోండి. సొరంగం వెతికే ఓపిక ఉన్నవాళ్ళు చార్మినార్ నుంచి కాస్త నడిచి బాద్షాహీ ఆషూర్‌ఖానాకు, అంటే మొహర్రంలో పీర్లు నిలబెట్టే చోటుకు, వెళ్ళండి. 1594 నాటి కట్టడం, గోడల నిండా 1611లో అతికించిన రంగు పలకలు. కింది వరసలు వెలిసినట్టు ఉంటే అది 1908 మూసీ వరద పుణ్యం.

అపోహ: పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో శివలింగం మీద పొద్దస్తమానం ఒకే స్తంభం నీడ పడుతుంది.

నీడ రోజంతా కదలకుండా ఉండడం నిజమే, నల్లగొండ పక్కనే, వెళ్ళి చూడొచ్చు. కానీ ఒక స్తంభానిది కాదు. ముందున్న స్తంభాల మధ్య నుంచి, పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుతురు చెదిరి, వాటి నీడలన్నీ కలిసి ఒకే నీడలా కనిపిస్తాయి. సూర్యుడు ఎటు తిరిగినా ఆ అమరిక వల్ల నీడ అక్కడే నిలబడినట్టుంటుంది. మహిమ అనుకునేవాళ్ళతో నేను వాదించను. ఆ స్తంభాలను లెక్కగట్టి అక్కడ నిలబెట్టిన శిల్పికి కూడా ఒక దణ్ణం పెట్టమంటాను. అక్కడికి దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, ఆ ఆవరణలోనే మ్యూజియం. ఇంత దూరం వచ్చి అది చూడకుండా వెళ్ళకండి.

అపోహ: మంచివన్నీ లండన్‌కూ చెన్నైకీ పోయాయి, ఊళ్ళలో మిగిలినవి విరిగిన ముక్కలు.

సగం నిజం. అమరావతి బౌద్ధ స్తూపం శిల్పపు పలకలు బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మూరులోనూ ఉన్నాయి, అది చెరిపేస్తే పోయేది కాదు. కానీ సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయంటే ముక్కల్లో ఏముందో వాళ్ళకు తెలిసింది, మనకే తెలియలేదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల సీసం నాణేలు చూడండి, డబ్బంటే బంగారం వెండి అనుకునే పిల్లలకు సీసంతో కూడా నాణేలు కొట్టారంటే వింతగా ఉంటుంది. క్యాబ్ బుక్ చేసేటప్పుడు జాగ్రత్త, హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్‌లో దింపేస్తారు.

అపోహ: మ్యూజియంలకు సెలవు సోమవారం.

కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాల చోట నడిపే మ్యూజియంలకు సెలవు శుక్రవారం. నేను పనిలోకి వచ్చిన కొత్తలో ఇది తెలియక పద్దెనిమిది మందిని శుక్రవారం ఒక మ్యూజియానికి తీసుకెళ్ళాను, గేటుకు తాళం. టెన్షన్‌తో నాకు చెమటలు పట్టాయి. వాళ్ళు మాత్రం వేపచెట్టు కింద పులిహోర డబ్బాలు విప్పారు. రాష్ట్ర శాఖవాళ్ళవీ, ట్రస్టులవీ వేరే రోజులు కావచ్చు, కాబట్టి బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. చిల్లర కూడా ఉంచుకోండి, కొన్నిచోట్ల టికెట్ కౌంటర్లో సిగ్నల్ ఉండదు.